హార్డ్‌డిస్క్ పవర్ కనెక్టర్ విరిగితే?

హార్డ్‌డిస్క్ వెనక ‘ఎల్’ ఆకారపు సన్నని ప్లాస్టిక్ నాలుక చూశారా? కేబుల్‌ని వంకరగా లాగితే పుటుక్కున విరుగుతుంది. దాని మీద 15 పిన్నులుంటాయి. వీటిలో మూడేసి 3.3, 5, 12 వోల్టులవి, మిగిలినవి చాలావరకు ఎర్త్‌వి. ప్లాస్టిక్ ఆసరా పోతే పిన్నులు ఒకదానికొకటి తగలవచ్చు. 12 వోల్టులు 5 వోల్టుల దారిలోకి వెళ్తే బోర్డు మాడిపోవచ్చు. మీరు అందులో దాచుకున్న ఫొటోలు మాత్రం చాలావరకు లోపలి పళ్లెం మీద భద్రంగానే ఉంటాయి!

మరి ఎలా బాగుచేయాలి? పెద్దవాళ్లను పక్కన ఉంచుకుని కంప్యూటర్ కరెంటు ప్లగ్ తీసేయండి. కేబుల్‌లో ఇరుక్కున్న ముక్కను పీకొద్దు, అదే మనకు ఆధారం. తిన్నగా ఉన్న పిన్నులను దాని మీదుగా మెల్లగా జార్చి, అంచులకే జిగురు పెట్టి, పూర్తిగా ఆరాక ఆన్ చేయండి. డిస్క్ తిరిగిందా, వెంటనే అంతా కాపీ చేసుకోండి.

పిన్నులు వంగిపోతే ఇంట్లో ప్రయత్నించొద్దు. హైదరాబాద్ బాగ్ లింగంపల్లి పిల్లలకైతే కంప్యూటర్ దుకాణాలుండే సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ దగ్గరే. టంకం పెట్టేవాళ్లను అక్కడ అడగండి.