ముల్లు గుచ్చుకున్న చోట

కాలిలో తుమ్మముల్లు విరిగి లోపలే ఉండిపోయిందనుకోండి. మర్నాటికి ఆ చోటు ఎర్రబడి, వాచి, సలుపుతుంది. తర్వాత చీము పడుతుంది. చీమును చూసి మీరు అసహ్యించుకుంటారు గాని, అందులో ఎక్కువ భాగం మీకోసం పోరాడి చచ్చిన తెల్ల రక్త కణాలే!

ఈ పోరాటం సంగతి బయటపడింది మనిషి కాలిలో కాదు, నక్షత్ర చేప పిల్లలో. 1882లో ఇల్యా మెచ్నికోవ్ అనే రష్యన్ శాస్త్రజ్ఞుడు ఇటలీలోని మెస్సీనాలో ఉండేవాడు. ఒకరోజు ఇంట్లోవాళ్లంతా సర్కసుకు వెళ్లారు. ఆయన మాత్రం సూక్ష్మదర్శిని ముందు కూర్చున్నాడు. నక్షత్ర చేప పిల్ల గాజులా పారదర్శకంగా ఉంటుంది. దాని లోపల కొన్ని కణాలు అటూ ఇటూ పాకుతున్నాయి. ఒంట్లో జొరబడినవాటిని ఎదిరించేవి ఇవేనా అని ఆయనకు అనుమానం వచ్చింది. వెంటనే తోటలోకి వెళ్లి గులాబీ ముళ్లు తెచ్చి, పిల్లల చర్మం కింద గుచ్చాడు. ఆ రాత్రి ఆయనకు నిద్ర పట్టలేదు. తెల్లవారి చూస్తే ముల్లు చుట్టూ కణాలు మూగి ఉన్నాయి! వాటిని మోసుకురావడానికి ఆ జీవిలో రక్తనాళాలే లేవు. అంటే తమంత తామే పాకి వచ్చాయన్నమాట.

తెల్ల కణాలు సూక్ష్మజీవులను ఒళ్లంతా వ్యాపింపజేస్తాయని అప్పటి వైద్యులు చాలామంది నమ్మేవారు. కాదు, మింగేస్తాయని మెచ్నికోవ్ వాదించాడు. 1908లో పాల్ ఎర్లిక్‌తో కలిపి ఆయనకు నోబెల్ బహుమతి ఇచ్చారు.

మన రక్తంలో ఒక ఘన మిల్లీమీటరుకు ఎర్ర కణాలు సుమారు 50 లక్షలుంటే, తెల్ల కణాలు 4,000 నుంచి 11,000 దాకా ఉంటాయి. ఇవి ఎముకల మూలుగలో పుడతాయి. గాయమైన చోటికి ముందు పరుగెత్తేవి న్యూట్రోఫిల్స్. సన్నని రక్తనాళం గోడ సందులోంచి దూరి బయటికి వచ్చి, సూక్ష్మజీవిని చుట్టుముట్టి మింగేస్తాయి. లింఫోసైట్ల పద్ధతి వేరు. వాటిలో కొన్ని ప్రతిరక్షకాలు అనే పదార్థాలను తయారుచేస్తాయి. కొన్ని శత్రువును ఏళ్ల తరబడి గుర్తుపెట్టుకుంటాయి. తట్టు ఒకసారి వచ్చినవారికి సాధారణంగా మళ్లీ రాకపోవడం ఇందుకే. టీకా చేసేదీ ఈ గుర్తును నాటడమే.

అలాగని తెల్ల కణాలు ఎంత పెరిగితే అంత మంచిదనుకోకండి. లుకేమియా అనే రక్త క్యాన్సరులో పక్వం కాని తెల్ల కణాలు విపరీతంగా పుడతాయి. వాటికి పోరాటం చేతకాదు. పైగా మంచి కణాలకు చోటు లేకుండా చేస్తాయి. 1948 నాటికి బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అమినోప్టెరిన్ అనే మందు ఇచ్చి, కొందరు పిల్లల్లో ఈ జబ్బును కొంతకాలమైనా అణచగలిగాడు. ఆ మందు తయారైన లెడర్లీ ప్రయోగశాలల్లో పరిశోధనను నడిపించినవాడు ఎవరనుకున్నారు? భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు! దాని జాతిదే అయిన మెథోట్రెక్సేట్‌ను లుకేమియా ఉన్న పిల్లలకు నేటికీ ఇస్తున్నారు.