సూది పిల్లలకు, సంతకం వార్డెన్‌ది

2009 జూలైలో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా టీకా అంటూ సూదులు పొడిచారు. అమెరికా సంస్థ ‘పాత్’, ఐసీఎంఆర్, అప్పటి ఆంధ్రప్రదేశ్ సర్కారు కలిసి చేసిన పరిశోధన ఇది. కూలికి పోయిన కోయ తల్లిదండ్రులను అడిగిందెవరు? 9,543 అంగీకార పత్రాల్లో 1,948 వేలిముద్రలు. 2,763 సంతకాలైతే హాస్టల్ వార్డెన్లవి! వార్డెన్ తండ్రెప్పుడయ్యాడు?

పిల్లలు చనిపోయారన్న ఆందోళనతో 2010 ఏప్రిల్‌లో ఆపారు. చావులకు టీకా కారణం కాదని విచారణ సంఘం అన్నది. సరే, ఆ మాట అట్లుంచండి. అడగకుండా పొడవడం సంగతేంటి? అది బాలికల హక్కుల ఉల్లంఘనేనని 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం తేల్చింది.

ఏజెన్సీ గ్రామసభకు 1996 పెసా చట్టం చాలా అధికారాలిచ్చింది. వైద్య పరిశోధనకు సభ ఒప్పుకోవాలన్న ముక్క మాత్రం అందులో లేదు.