క్యాజువాలిటీలో రీసెర్చ్ నర్సు

ఫిట్స్ ఆగని బిడ్డను ఎత్తుకుని తల్లిదండ్రులు పరుగున క్యాజువాలిటీకి వస్తారు. మొదట ఇచ్చిన మందుకు ఫిట్స్ లొంగలేదు. రెండో మందుగా ఏది మేలో తేల్చే అధ్యయనం అదే ఆసుపత్రిలో నడుస్తోంది. కానీ ఆ క్షణాన తల్లి చేతికి సమ్మతి పత్రం ఇచ్చి సంతకం పెట్టమనేదెలా?

బ్రిటన్‌లో 'ఎక్లిప్స్' అధ్యయనానికి ఎదురైన చిక్కు ఇదే. 2015 నుంచి 2018 దాకా 30 అత్యవసర విభాగాల్లో ఫెనిటోయిన్, లెవెటిరాసెటామ్ అనే రెండు మందులను పోల్చి చూశారు. ప్రాణం మీదికొచ్చినప్పుడు ముందు వైద్యం, ఆ తరవాతే సమ్మతి అనే పద్ధతికి అక్కడి నిబంధనలు వీలు కల్పిస్తాయి. బిడ్డ కుదుటపడ్డాక పరిశోధన సిబ్బంది తల్లిదండ్రులతో మాట్లాడి, జరిగింది వివరించి, సమ్మతి అడిగారు. లెవెటిరాసెటామ్‌తో 70 శాతం, ఫెనిటోయిన్‌తో 64 శాతం పిల్లల్లో ఫిట్స్ ఆగాయని 2019లో ప్రకటించారు. గణాంకాల ప్రకారం అది ఖాయమైన తేడా కాదు.

అలా మాట్లాడటం రీసెర్చ్ నర్సు పనుల్లో ఒకటి మాత్రమే. అధ్యయనానికి తగిన రోగిని గుర్తించడం, మందు ఎప్పుడు ఇచ్చారో రాసిపెట్టడం, దుష్ప్రభావాలు కనిపిస్తే తెలియజేయడం, ఇంటికెళ్లాక ఎలా ఉన్నారో కనుక్కోవడం కూడా ఆ ఉద్యోగంలో భాగమే.

సమయం నమోదు చేయడం చిన్న పనిలా కనిపిస్తుంది, కానీ దాని విలువ పెద్దది. ప్రమాదాల్లో రక్తం పోతున్నవారికి ట్రానెక్సామిక్ ఆమ్లం ఇచ్చి చూసిన 'క్రాష్-2' సంగతే తీసుకుంటే, భారత్ సహా 40 దేశాల్లోని 274 ఆసుపత్రుల నుంచి 20,211 మంది అందులో చేరారు. మందు మరణాలను తగ్గిస్తుందని 2010లో తేలింది. మరుసటి ఏడాది లెక్కలు మళ్లీ విడదీసి చూస్తే, గాయమైన 3 గంటల్లోపు ఇస్తేనే మేలనీ, ఆ తరవాత ఇస్తే రక్తస్రావ మరణాలు పెరగొచ్చనీ బయటపడింది. గాయమైన వేళ, మందు ఇచ్చిన వేళ రాసి ఉండకపోతే ఇది తెలిసేదే కాదు.

అయితే రీసెర్చ్ నర్సు వేరే భవనంలో కూర్చుని, పగటిపూట మాత్రమే వచ్చిపోతుంటే రాత్రి వచ్చిన రోగులు చేజారిపోతారు. అందుకే ఆమెకు చోటు ఎమర్జెన్సీ బృందంలోనే ఉండాలి. షిఫ్ట్ మారేటప్పుడు జరిగే మాటల్లో ఆమె ఉంటే, నడుస్తున్న అధ్యయనాలు అందరికీ గుర్తుంటాయి. మందు ప్యాకెట్లు మంచాలకు దగ్గరలోనే ఉండి, వాటిని వాడే పద్ధతి డ్యూటీ నర్సులకూ నేర్పితే, ఆమె లేని రాత్రి కూడా పని ఆగదు.

ఇందులో ఇబ్బందీ ఉంది. రద్దీ పెరగగానే ఆమెను సెలైన్లు పెట్టడానికీ ఇంజెక్షన్లు చేయడానికీ లాగేస్తారు. రోగి కళ్లెదుట ఉన్నప్పుడు కాదనడం కష్టం. పరిశోధనకూ రోగుల సేవకూ సగం సగం సమయం కేటాయించే ఉద్యోగాల్లో ఈ లాగులాట మరీ ఎక్కువ. కిటకిటలాడే రోజున ఏ పని ముందో, ఆమె బదులు ఎవరు వస్తారో డ్యూటీ చార్టు వేసేటప్పుడే తేల్చుకోవాల్సి ఉంటుంది.