వినడానికీ ఓ పార్కు

కుండ కొనేటప్పుడు వేలితో కొట్టి చూడని ఇల్లాలు ఉంటుందా? ఖంగుమంటే మంచిది, బీట ఉంటే మోగదు. మా పల్నాడులో నాపరాయి ఎంచుకునే తాపీమేస్త్రీ కూడా పలకని ఓసారి తట్టి చూస్తాడు. చెవితో మంచిచెడ్డలు తేల్చుకోవడం మనకి కొత్తేం కాదు. మరి పార్కు దగ్గరికొచ్చేసరికి ఆ చెవిని ఎందుకు మరిచిపోతున్నాం?

పార్కు అనగానే పచ్చగడ్డి, పూలమొక్కలు, ఉయ్యాల, జారుడుబండ... అన్నీ కంటికీ కాళ్లకీ! చెవికి మిగిలేది మైకు మోత. రాత్రి వంటకి ముందు దొరికే అరగంట తీరికా పక్కనున్న స్నేహితురాలు చెప్పేది వినపడక "ఆఁ? ఏంటీ?" అనడంతోనే సరిపోతుంది.

కొన్ని దేశాల్లో ఆరుబయట ధ్వనిశిల్పాలు పెడుతున్నారు. క్రొయేషియాలోని జదార్ పట్నంలో 2005లో నికోలా బాషిచ్ అనే ఆర్కిటెక్టు సముద్రపు ఒడ్డున 70 మీటర్ల పొడవున మెట్లు కట్టి, వాటి కింద 35 గొట్టాలు అమర్చాడు. అల వచ్చి తోస్తే గొట్టాల్లోని గాలి కదిలి మెట్లు పాడతాయి. ఇంగ్లండులో బర్న్‌లీ ఊరి పైనున్న గుట్టమీద 2006లో ఉక్కు గొట్టాలతో మూడు మీటర్ల ఎత్తు చెట్టు నిలబెట్టారు. గాలి వీస్తే చాలు, అది గొంతు విప్పుతుంది. వీటిని పాడించడానికి మైకూ అక్కర్లేదు, కరెంటూ అక్కర్లేదు!

అంత దూరం ఎందుకు, మన గోల్కొండ లేదూ? ఫతే దర్వాజా గుమ్మటం కింద చప్పట్లు కొడితే దాదాపు కిలోమీటరు దూరంలో, కొండ మీదున్న బాలా హిస్సార్‌లో వినిపిస్తుంది. ఒకప్పుడది కోట కాపలాకి పనికొచ్చింది. ఇప్పుడు చూడ్డానికెళ్లిన పిల్లలకి అదే పెద్ద వేడుక.

మా గురజాలకి సముద్రం లేదు గానీ నాపరాయికి కొదవా? ఒకే వెడల్పు, ఒకే మందం ఉన్న పలకల్ని పొడవు తగ్గిస్తూ వరసగా పేర్చి కొయ్యసుత్తితో తడితే పొడుగుది బొంగురుగా, పొట్టిది సన్నగా పలుకుతుంది. కిటుకల్లా ఆనించడంలో ఉంది. రెండు చివర్ల నుంచీ పొడవులో పావు వంతుకి కాస్త తక్కువ దూరంలో, తాడు మీదో రబ్బరు ముక్క మీదో ఆనించాలి. నేలకి పరిచేస్తే రాయి గొంతు పెగలదు. చక్రాల కుర్చీలో కూర్చున్న పాపకి చెయ్యందే ఎత్తులో పెడితే ఆ పాపా వాయిస్తుంది. కళ్లు కనిపించని బాబుకీ పార్కులో ఓ ఆట దొరుకుతుంది. నాకైతే అన్నిటికంటే ఇదే ముఖ్యం అనిపిస్తుంది.

అయితే పక్కింటివాళ్ల నిద్ర పాడుచేయకూడదు కదా! 2000లో వచ్చిన శబ్ద కాలుష్య నియమాల ప్రకారం ఇళ్లున్న చోట శబ్దం పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ దాటకూడదు. ఆస్పత్రులు, బడులు, కోర్టుల చుట్టూ కనీసం 100 మీటర్ల మేర నిశ్శబ్ద ప్రాంతంగా ప్రకటించవచ్చు. అందుకని పలకల్ని ఇళ్లకి దూరంగా ఓ మూల పెట్టించి, చీకటి పడగానే సుత్తులు లోపల పెట్టేయాలి. ఈ నియమాలు మైకులకీ వర్తిస్తాయని మరిచిపోకండి!

మీ ఊళ్లో పార్కు బాగుచేస్తున్నారని తెలిస్తే నలుగురూ కలిసి ఓ అర్జీ పెట్టండి. సిమెంటు జింకల పక్కన పది నాపరాళ్లు కూడా అడగండి. మైకు గొంతు తగ్గించమని అందులోనే ఇంకో వాక్యం రాయండి. మైకు తగ్గితేనే కదా, రాయి పాట వినపడేది!