పిల్లలు తమ వ్రాతను తామే దిద్దుకొనుట

పాఠశాలకై వ్యాసము వ్రాసినంతనే "అమ్మా, తప్పులుంటే దిద్దిపెట్టు" అని కాగితము తల్లిచేతికిచ్చి ఆటలకు బోవుట పిల్లలకు వాడుక. తల్లి దిద్దిపెట్టును, బిడ్డ దానిని చూచి తిరిగి వ్రాసికొనును. వ్యాసము బాగుపడినది గాని, బిడ్డ నేర్చినదేమి? పరీక్షనాడు తల్లి ప్రక్కన నుండదు గదా! కావున దిద్దిపెట్టుటకంటె దిద్దుకొన నేర్పుటయే మేలని మా యభిప్రాయము.

వ్రాసిన వెంటనే దిద్దబూనరాదు. అప్పుడు కన్ను కాగితముమీది మాటను విడిచి మనసులోని మాటనే చదువును. ఒక రాత్రి గడవనిచ్చి, మఱునాడు బిడ్డచేత గొంతెత్తి చదివింపవలెను. నాలుక తడబడినచోటను, ఊపిరి చాలనిచోటను ఏదో లోపముండును.

బియ్యమునకు ముందు ఊక పోగొట్టి, పిమ్మట రాళ్లేరుదుము. వ్రాతకును వరుస యిట్టిదే: మొదట విషయము, తరువాత వాక్యము, కడపట అక్షరము. తీసివేయవలసిన వాక్యమునకు ఒత్తులు సరిచేయుట వృథాశ్రమ.

ఒక బాలిక సంక్రాంతినిగూర్చి యిట్లు వ్రాసినదనుకొందము: "ఉదయము లేచినాము. తరువాత భోగిమంట చూచినాము. తరువాత తలంటుకొన్నాము. తరువాత భోజనము చేసినాము." తల్లి కలము పట్టనక్కఱలేదు. "మంట ఎట్లున్నదమ్మా? అందులో ఏమి వేసిరి?" అని యడిగిన చాలును, విషయములోని కొఱత బాలికకే తెలియును. గొంతెత్తి చదివినపుడు మూడు "తరువాత"లును చెవికి తగులును. "లేచి, మంట చూచి, తలంటుకొని" యని తానే కూర్చుకొనును. ఇక అక్షరదోషములు. సగమను "అర్ధము"నకును, భావమను "అర్థము"నకును భేదము తెలియక పొరబడువారు పెక్కండ్రు. తప్పున్న పంక్తి ప్రక్కన చుక్క పెట్టి, వెదకుకొనుట బిడ్డకే విడువవలెను. తాను తఱచుగా చేయు తప్పులను చిన్న పుస్తకములో వ్రాసికొన్నచో మఱి మంచిది.

తమకు చదువు తక్కువయని వెనుదీయు తల్లులు గలరు. వ్యాకరణము రాకున్నను "ఇచ్చట నాకు బోధపడలేదు, నోటితో చెప్పు" అనుటకు పాండిత్యము వలదు. బిడ్డ నోటితో చెప్పినది తఱచుగా వ్రాసినదానికంటె తేటగా నుండును, దానినే వ్రాయుమనవలెను.

కొట్టివేతలు చూచి పిల్లలు సిగ్గుపడుదురు. 1913లో నోబెల్ బహుమానమునందిన రవీంద్రనాథ ఠాకూరు సైతము తన పంక్తులను కొట్టివేసికొన్నవాడే. 1924 నాటి "పూరబి" వ్రాతప్రతిలో ఆ కొట్టివేతలను గీతలతో కలిపి బొమ్మలుగా మార్చెను. ఆ యలవాటే ఆయనను చిత్రరచనకు త్రిప్పెను. 1930లో పారిసునందు ఆయన చిత్రములు ప్రదర్శింపబడెను.

వ్యాసమంతయు ఒక్కనాడే దిద్దింపబోయిన బిడ్డకు విసుగు పుట్టును. వారమునకొక పేరాతో మొదలుపెట్టి, బిడ్డ తానై కనుగొన్న ప్రతి తప్పునకును మెచ్చుకొనుడని మా సోదరీమణులకు మనవి.