రిబ్స్ వెనక పొర: గ్రిల్లు వెలిగించకముందే చేయాల్సిన పని

మెమోరియల్ డే నుంచి లేబర్ డే దాకా మనవాళ్ళ పిక్నిక్‌లకు లోటు లేదు. ఒకప్పుడు చికెన్ టిక్కా, మొక్కజొన్న పొత్తులతో సరిపోయేది. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్లలు ఇప్పుడు పోర్క్ రిబ్స్ కూడా అడుగుతున్నారు. పంది మాంసం తినని వాళ్ళు మనలో చాలామందే ఉన్నారు. వాళ్ళకి వేరే గ్రిల్లు, వేరే పటకార్లు పెట్టడం మర్యాద. తినేవాళ్ళ కోసం ఈ నాలుగు మాటలు.

మా ఊరి పిక్నిక్‌లో గ్రిల్లు బాధ్యత కొన్నేళ్ళుగా నాదే. ఏటా ఎవరో ఒకరు నన్ను పక్కకి పిలిచి అడిగే ప్రశ్న ఒకటుంది: “ఆరు గంటలు కాల్చాం, పైన మెత్తగానే ఉంది, వెనక మాత్రం రబ్బరులా సాగుతుందేమిటండీ?” ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు, అత్తమామలు ఆ ముక్క కొరకలేక మెల్లగా ప్లేటు పక్కన పెట్టేస్తారు. ఏమైనా అంటే మనం బాధపడతామని “కడుపు నిండిందిలే” అంటారు. అంత ఖర్చు, అంత శ్రమ చివరికి చెత్తబుట్టలోకి పోతాయి. ఇది మంట తప్పూ కాదు, మసాలా తప్పూ కాదు. రెండు నిమిషాల్లో తీసేయగలిగిన ఒక పొర చేసే పని.

అసలు ఏమిటా పొర?

రిబ్స్ పలకని బోర్లా తిప్పి, లోపలికి వంగిన వైపు చూడండి. ఎముకల మీదుగా ఈ చివర నుంచి ఆ చివర దాకా తెల్లగా, నున్నగా మెరిసే పలచటి పొర కనిపిస్తుంది. ఛాతీ గోడకు లోపలి వైపున ఉండే పొర అది. ఊపిరితిత్తులు ఒరిపిడి లేకుండా కదలడానికి ప్రకృతి వేసిన అస్తరు అనుకోండి. మన సంఘంలో డాక్టర్లకు కొదవ లేదు కాబట్టి ‘ప్లూరా’ అంటే వాళ్ళకు వెంటనే తెలుస్తుంది. మాంసం కొట్టువాళ్ళు మెంబ్రేన్ అంటారు. కొందరు సిల్వర్ స్కిన్ అని కూడా అంటారు గానీ, మామూలుగా ఆ పేరు టెండర్‌లాయిన్ మీద ఉండే తెల్లటి పొరది.

మన అమ్మలు ఇది ఎందుకు తీయలేదు?

చాలామందికి వచ్చే సందేహం ఇది. ఇంట్లో వేటమాంసం వండినప్పుడు పక్కటెముకల పొర ఎవరూ తీసిన గుర్తు లేదు కదా! కారణం తేలికే. మన కొట్లో ఎముకతో సహా చిన్న ముక్కలు కొట్టిస్తాం. పొర కూడా ముక్కలైపోతుంది. తర్వాత కుక్కర్లో నీళ్ళతో, మసాలాతో, సుమారు 250 డిగ్రీల ఫారెన్‌హీట్ ఆవిరిలో ఉడికిస్తాం. పొరలో ఎక్కువగా ఉండేది కొల్లాజెన్. తడి వేడిలో అది కరిగి జిగురులా మారుతుంది. పులుసు చిక్కబడటంలో దాని చెయ్యి కూడా ఉంటుంది.

గ్రిల్లు మీద జరిగేది వేరు. అక్కడిది పొడి వేడి. లోపలి కండలోని కొల్లాజెన్‌కి మాంసంలోని తడే సాయపడుతుంది, గంటల తరబడి నెమ్మదిగా కరుగుతుంది. పొర మాత్రం నేరుగా సెగకి ఎదురుగా ఉంటుంది. మెత్తబడే లోపలే ఎండిపోయి అట్టలా తయారవుతుంది. అల్యూమినియం ఫాయిల్‌లో చుట్టి కాలిస్తే కాస్త మెత్తబడుతుంది గానీ మాయమైపోదు.

ఇంకో సంగతి. పొర తీస్తే మసాలా ఎముక దాకా ఇంకుతుందని కొందరు చెబుతారు. అంత ఆశ పెట్టుకోకండి. ఉప్పు నెమ్మదిగా లోపలికి వెళుతుంది గానీ కారం, మిరియాలు, పొగ రుచి చాలా వరకు పైపైనే ఉంటాయి. అయితే పొర ఉంటే ఆ పైపైన పట్టాల్సింది కూడా పొరకే పడుతుంది. దాన్ని మనం తినకుండా వదిలేస్తే సగం మసాలా దానితోనే పోయినట్టు. కాబట్టి తీయడంలో లాభం ఉంది.

తీసే పద్ధతి

కావలసినవి మూడే: మొద్దు కత్తి లేదా చెంచా కాడ, రెండు మూడు పేపర్ టవల్స్, కటింగ్ బోర్డు.

1. రిబ్స్‌ని ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే ఈ పని చేయండి. చల్లగా ఉంటే కొవ్వు గట్టిగా ఉండి, చెయ్యి జారడం తగ్గుతుంది. పచ్చి మాంసాన్ని సింకులో కడగడం మన అలవాటు. నీటి తుంపరలతో క్రిములు చుట్టూ పడతాయి కాబట్టి ఇక్కడి వ్యవసాయ శాఖ అది వద్దంటుంది. పేపర్ టవల్‌తో అద్దితే చాలు.

2. పలకని ఎముకల వైపు పైకి ఉండేలా పెట్టండి. ఒక చివర నుంచి రెండో మూడో ఎముక చూసుకుని, సరిగ్గా ఎముక మీద, పొరకీ ఎముకకీ మధ్య చెంచా కాడ దూర్చి అటూ ఇటూ కదపండి. ఎముకల మధ్య సందులో మొదలుపెడితే మాంసం లేచి వస్తుంది.

3. వేలు దూరేంత సందు అయ్యాక వేలితో ఇంకాస్త పైకెత్తండి.

4. లేచిన అంచుని పేపర్ టవల్‌తో గట్టిగా పట్టుకోండి. ఉత్త చేత్తో పడితే జారుతుంది. రెండో చేత్తో పలకని నొక్కి పట్టి, నిదానంగా లాగండి. చిక్కుడుకాయ ఈనె తీసినట్టు, ఒక్కోసారి మొత్తం ఒకే ముక్కగా వచ్చేస్తుంది. మధ్యలో తెగితే కంగారు పడకండి. తెగిన చోట మళ్ళీ చెంచా దూర్చి మొదలుపెట్టడమే.

ఎంత వరకు తీయాలన్నది కూడా తెలియాలి. పై పొర వచ్చాక ఎముకలని అంటిపెట్టుకుని ఇంకో పలచటి పొర, మధ్యలో కండ కనిపిస్తాయి. వాటి జోలికి పోవద్దు. అవి కూడా గీకేస్తే ఎముకలు వదులై కాలేటప్పుడే రాలిపోతాయి. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టవుతుంది.

ముందు ఉందో లేదో చూసుకోండి

కొన్ని దుకాణాల్లో పొర తీసేసిన రిబ్సే అమ్ముతారు. నున్నగా మెరవకుండా, ఎముకల మధ్య కండ గరుకుగా, విడిగా కనిపిస్తే తీసేసినట్టే. లేని పొర కోసం కుస్తీ పట్టక్కర్లేదు. మాంసం కొట్టులో కసాయి ఉంటే అడగండి, చాలాచోట్ల వాళ్ళే తీసి ఇస్తారు.

రకాన్ని బట్టి పని కూడా మారుతుంది. బేబీ బ్యాక్ అంటే వెన్నెముక పక్కన ఉండే పొట్టి ఎముకలు. పొర పలచగా ఉంటుంది, తీయడం తేలిక. స్పేర్ రిబ్స్ పొట్ట వైపువి, పెద్దవి. వాటి లోపలి వైపు ఒక కండ ముక్క కూడా వేలాడుతుంటుంది. ముందు దాన్ని కోసి పక్కన పెట్టి, తర్వాత పొర లాగండి. ఆ ముక్క పారేయకండి, మంచి వేపుడవుతుంది. స్పేర్ రిబ్స్‌నే చివర్లు కత్తిరించి నలుచదరంగా చేస్తే సెయింట్ లూయీ కట్ అంటారు. పోర్క్ తినని వాళ్ళు గొర్రె పక్కటెముకలు కాలుస్తారు కదా, వాటికీ ఇదే పద్ధతి.

తీయని వాళ్ళూ ఉన్నారు

బార్బెక్యూలో ఆరితేరిన వాళ్ళలో కొందరు పొర ఉంచేస్తారు. పలక విడిపోకుండా పట్టి ఉంచుతుందనీ, రసం కిందికి కారిపోకుండా ఆపుతుందనీ వాళ్ళ వాదన. ఉంచదలచుకుంటే కత్తి మొనతో పొర మీద అడ్డంగా, నిలువుగా గాట్లు పెట్టండి. కొరికినప్పుడు తేలిగ్గా తెగుతుంది. తినే వాళ్ళలో పెద్దవాళ్ళు, చిన్నపిల్లలు ఉంటే మాత్రం తీసేయడమే మంచిదని నా అభిప్రాయం.

ఆ తర్వాత

ఉప్పు, మిరియాలు, కారం, కాస్త బ్రౌన్ షుగర్ పట్టించండి. అల్లం వెల్లుల్లి, ధనియాల పొడి కూడా బాగుంటాయి. 225 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర, మంట నేరుగా తగలకుండా, బేబీ బ్యాక్ అయితే సుమారు 5 గంటలు, స్పేర్ రిబ్స్ అయితే 6 గంటలు. తీపి సాస్ ఆఖరి అరగంటలోనే రాయండి, ముందే రాస్తే పంచదార మాడుతుంది. పోర్క్‌కి 145 డిగ్రీలు, ఆపైన 3 నిమిషాలు ఆగితే క్షేమమే. కానీ రిబ్స్ మెత్తబడాలంటే 195 దాటాలి. పటకారుతో పలకని మధ్యలో పట్టి ఎత్తితే వంగి, పైన మాంసం చిట్లుతుంటే అయినట్టే.

ఈసారి పిక్నిక్‌కి గ్రిల్లు మీ వంతయితే, బొగ్గుల సంచీతో పాటు ఒక చెంచా, పేపర్ టవల్ చుట్ట కూడా మరచిపోకండి. పళ్ళ సెట్టు పెట్టుకున్న పెద్దాయన రెండో ముక్క అడిగి వేయించుకున్నారంటే, మీరు పడ్డ శ్రమ దక్కినట్టే!