వాక్కు - శ్వాసక్రియ

వాక్కుకు మూలాధారం ఊపిరితిత్తుల నుండి వెలువడే గాలి. ఊపిరి యొక్క మొదటి పని శరీరానికి ప్రాణవాయువును అందించుట. మాట రెండవ పని. మొదటిది పుట్టుకతో వస్తుంది; రెండవదానిని శిశువు చెవితో విని నేర్చుకుంటుంది. అందువలన పుట్టుచెవుడు గల పిల్లలకు నాలుక, గొంతు, ఊపిరితిత్తులు సక్రమంగా ఉన్నప్పటికీ మాట దానంతట అది రాదు. సికింద్రాబాదులోని కొన్ని సంస్థలు ఇట్టి పిల్లలకు శిక్షణ ఇస్తున్నాయి.

ధ్వని పుట్టుట

విశ్రాంతిగా ఉన్నప్పుడు పెద్దవారు నిమిషానికి సుమారు 12 నుండి 16 సార్లు ఊపిరి తీస్తారు. ఇందులో సుమారు 40 శాతం కాలం ఉచ్ఛ్వాసానికి, మిగిలినది నిశ్వాసానికి పోతుంది. మాట్లాడేటప్పుడు ఉచ్ఛ్వాసం 10 శాతానికి తగ్గుతుంది. అనగా గాలిని చప్పున పీల్చి, పొదుపుగా వదులుతాము. నిండిన ఊపిరితిత్తులు గాలిబుడగ వలె తమంతట తామే ముడుచుకోబోతాయి. పక్కటెముకల మధ్యనున్న కండరాలు వాటిని మొదట పట్టి ఉంచుతాయి. గాలి తగ్గిన కొద్దీ పొట్ట కండరాలు నెట్టనారంభిస్తాయి. వాక్యం చివరి మాట కూడా స్పష్టంగా వినబడుటకు ఇదే కారణం.

ఈ గాలి తాకిడికి స్వరపేటికలోని స్వరతంత్రులు కంపిస్తాయి. ఈ కంపనం పురుషులలో సెకనుకు 100 పైచిలుకు, స్త్రీలలో సుమారు 200 సార్లు ఉంటుంది. గొంతుపై వేలుంచి 'మ్' అని సాగదీసినచో కంపనం తెలుస్తుంది. 'స్' అన్నప్పుడు తెలియదు.

ప్రాచీన వైయాకరణులు అక్షరాలను ఊపిరిని బట్టియే అల్పప్రాణాలు, మహాప్రాణాలు అన్నారు. అరచేతిని నోటి ముందుంచి 'క', 'ఖ' పలికి ఈ తేడాను గమనించవచ్చు. వాడుకలో 'కథ'ను 'కత' అనుట శ్వాసలోపం కాదు. అచ్చతెలుగు పదాలలో మహాప్రాణాలు లేవు కదా!

వినికిడి లేనప్పుడు

తన గొంతు తనకు వినబడని పిల్లవాడు తగినంత గాలి నింపుకొనకుండానే మాట మొదలుపెట్టవచ్చు. ఒక్కొక్క అక్షరానికి గాలిని ఎక్కువగా ఖర్చు చేసి, పదం మధ్యలో ఊపిరి తీయవచ్చు. వినేవారికి ఆ మాట ముక్కలు ముక్కలుగా తోస్తుంది. ఇటువంటి వారిని 'మూగవారు' అనుట సరికాదు. గొంతులో లోపమేమీ లేదు.

సికింద్రాబాదులో

డాక్టర్ పి. హనుమంతరావు 1977లో స్థాపించిన స్వీకార్ సంస్థ ఇక్కడ వాక్కు, వినికిడి చికిత్స అందిస్తున్నది. మనోవికాస్ నగర్‌లో అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం కలదు. 1983లో ముంబైలో ఏర్పడిన ఈ సంస్థకు హైదరాబాదులో జన్మించి, ఉస్మానియా విశ్వవిద్యాలయ ఉపకులపతిగా, మహారాష్ట్ర గవర్నరుగా పనిచేసిన అలీ యావర్ జంగ్ పేరు పెట్టారు. మొదట పేరులో వినికిడి లోపం మాత్రమే ఉండేది. వాక్కు తరువాత చేరినది.

2007లో ప్రారంభమైన ఆరోగ్యశ్రీ పథకంలో కాక్లియర్ ఇంప్లాంట్ శస్త్రచికిత్సను కూడా చేర్చారు. అయితే ఈ శస్త్రచికిత్స ధ్వనిని నాడికి చేర్చుతుందే గాని మాటను ఇవ్వదు. ఆపై నెలల తరబడి, తరచుగా సంవత్సరానికి మించి శిక్షణ అవసరం. థెరపిస్టు వద్ద గడిపేది వారంలో కొద్ది గంటలే కనుక, మిగిలిన అభ్యాసం ఇంటిలో తల్లిదండ్రులే చేయించవలసి ఉంటుంది.